చీమలు పట్టిన జాడీ

మా జాడీల గదిలో చీమ కనబడదు. గచ్చు అద్దంలా తుడుస్తానని కాదు. తుడుస్తాననుకోండి, కానీ అసలు సంగతి ఏమిటంటే అక్కడ చీమకు పనిలేదు. మా తమ్ముడు చేసేది మీడ్. తేనెను నీళ్లలో కలిపి, ఈస్టు వేసి, నెలల తరబడి పులియబెట్టే మద్యం. తీపి మీడ్ చేసేవాళ్లు చాలామంది ఉన్నారు, వాళ్ల గదుల్లో చీమలు సంసారాలు పెట్టుకుని ఉంటాయి. మాది తీపి లేని రకం. తేనెలోని తీపినంతా ఈస్టు ఆఖరి బొట్టు దాకా తినేశాకే సీసాల్లోకి తీస్తాం. చివరికి మిగిలేది తేనె రంగు, తేనె వాసన, ఇంకా ఏదో. ఆ ఇంకా ఏదో కోసమే మా తమ్ముడు జీవితమంతా ధారపోశాడు.

కొత్తగా తాగేవాళ్ల మొహాలు చూడటం నాకు పాత సరదా. గ్లాసు ముక్కు దగ్గరికి రాగానే మొహం విచ్చుకుంటుంది. తేనెపట్టు విప్పినప్పటి మైనం వాసన, ఎండకు వడలిన పువ్వుల వాసన. ఇక నాలుక తీపి కోసం విస్తరి ముందు కూర్చున్నట్టు కూర్చుంటుంది. గుక్క లోపలికి వెళ్తుంది, తీపి రాదు. విందుకు పిలిచి అంట్లు తోమమన్నట్టు మొహం మాడిపోతుంది. చాలామంది అక్కడే గ్లాసు పెట్టేస్తారు. ఓపిక ఉన్నవాళ్లు మింగి, నోరు మూసుకుని, ముక్కుతో మెల్లగా ఊపిరి వదులుతారు. అప్పుడు గొంతు వెనక నుంచి తేనె తిరిగొస్తుంది, తీపిని బయటే వదిలేసి. పోయినవాళ్ల బట్టలు దాచిన పెట్టె తెరిస్తే మనిషి లేకపోయినా మనిషి వాసన తగులుతుంది చూశారూ, అలాగ. ఈ పోలిక నాది కాదు, మా తమ్ముడిది. మా మరదలు చనిపోయిన ఏడాది ఒకసారి అన్నాడు. మళ్లీ ఎప్పుడూ అనలేదు.

తల్లి పోయేనాటికి మా మేనకోడలు ఇంకా బడికి వెళ్తోంది. బడి నుంచి నేరుగా నా సీసాల గదికి వచ్చి, బిరడాల బుట్ట పక్కన కూర్చుని లెక్కలు చేసుకునేది. మనిషి చిన్నది, మాట ఘాటు. అందుకని మిరియం అని పేరు పెట్టాను, అదే నిలిచిపోయింది. పెద్దయ్యాక కళ్లద్దాల దుకాణంలో ఉద్యోగం చేసింది. మంచి ఉద్యోగమే. ఉన్నట్టుండి దాన్ని మానేసి వచ్చి, నాకొక జాడీ ఇవ్వు నాన్నా, నేనే సొంతంగా చేస్తాను అంది.

మా తమ్ముడికి లోపల పండగే. కానీ లోపలిది బయటికి చెబితే వాడు మా తమ్ముడెందుకవుతాడు. అప్పటికే వాడికి మణికట్ల నొప్పులు, నిండు జాడీ కదపలేడు. మా మీడ్ కొట్టు తనకు అద్దెకివ్వమని మా సరుకంతా కొనే హోటలావిడ తమ్ముడు ఎప్పటినుంచో అడుగుతున్నాడు. అతను చేసేది తీపి రకం, చీమల రకం. సరిగ్గా హోటలావిడ, మాకు తేనె పోసే తాత ఇద్దరూ ఉన్న వేళ చూసి మావాడు నోరు జారాడు. మిరియం ఒక్క జాడీ తనే చేయాలి, వాడు వేలు పెట్టడు. రుచి చూసేరోజు అందరి గ్లాసులూ నిలబడితే కొట్టు మిరియానిది. ఒక్కటి బోర్లినా హోటలావిడ తమ్ముడిది.

గ్లాసుల సంగతి చెప్పాలి. మా దగ్గర రుచి చూసేటప్పుడు ఎవరూ మాట్లాడకూడదు. ఒకరు నారింజ తొక్క వాసన అన్నారంటే పక్కవాడి ముక్కుకు ఇక నారింజ తొక్కే తగులుతుంది. అందుకని తాగడం అయ్యాక నచ్చితే గ్లాసు నిలబెడతారు, నచ్చకపోతే బోర్లిస్తారు. ఆ తర్వాతే నోరు తెరవడం.

పిల్ల ఉద్యోగం మానుకుని వస్తే పందెం కాస్తావా అని ఆ సాయంత్రం వాణ్ని దులిపేశాను. తెల్లారేసరికి వాడికీ పశ్చాత్తాపం పట్టుకుంది, మొహంలోనే తెలుస్తోంది. మాట వెనక్కి తీసుకోరా అంటే మాత్రం వినడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. నాకు తెలిసి వాడు ఇచ్చిన మాట వెనక్కి తీసుకున్న సందర్భం ఒక్కటీ లేదు, అది తప్పుడు మాట అయినా సరే.

మిరియం వాళ్ల నాన్న ఎప్పుడూ వాడని తేనె తీసుకుంది. సీజన్ చివర్లో వచ్చే ముదురు తేనె, కాస్త వగరు. తాతే, ఇది నీకు లొంగదమ్మా అన్నాడట. అది వినలేదు, అదీ మావాడి కూతురే కదా. జాడీ మూతకు ఒక వంపు గాజు గొట్టం ఉంటుంది, అందులో కొంచెం నీళ్లు. లోపల ఈస్టు తీపి తింటున్నంత కాలం ఆ నీళ్లలో బుడగలు వస్తుంటాయి. తినడం అయిపోతే ఆగిపోతాయి. మా తమ్ముడు మాట ప్రకారం వేలు పెట్టలేదు. కానీ రోజూ పొద్దున్నే వెళ్లి, జ్వరం వచ్చిన పిల్ల నుదురు చూసినట్టు, ఆ జాడీ మీద అరచెయ్యి ఆనించి వచ్చేవాడు. కొన్నాళ్లకు బుడగలు ఆగాయి. జాడీ నిద్రపోయింది అంటాం మేం.

రుచిరోజుకు వారం ముందు మిరియం మా ఇద్దరికీ కొద్దిగా పోసింది. నేను తాగాను. నిజం చెప్పొద్దూ, నాలుక పక్కల పచ్చి కాయ తొక్కలా పట్టేసింది. మా తమ్ముడు మింగి చాలాసేపు కళ్లు మూసుకున్నాడు. తర్వాత గ్లాసు నిలబెట్టలేదు, బోర్లించలేదు, తీసుకెళ్లి తొట్టిలో అడ్డంగా పడుకోబెట్టాడు. మిరియం ఆ గ్లాసు వంక చూసి వెళ్లిపోయింది. వాడు ఆ తర్వాత నాతో చెప్పింది ఇంకో రకంగా ఉంది. అందులో తను ఇన్నేళ్లూ వెతికినది ఉందట. కానీ పసిదట, కరుస్తోందట. ఇంకో ఏడాది ఆగితే దానికి సాటి ఉండదట. హోటలావిడ మాత్రం ఇప్పుడు తాగితే తప్పకుండా బోర్లిస్తుందట.

ఆ మాట పిల్లతో చెప్పరా అన్నాను. చెబితే జాలితో అన్నాననుకుంటుంది అన్నాడు. పోనీ రుచిరోజు వాయిదా వెయ్యి అన్నాను. మళ్లీ మూడు కాళ్ల కుందేలే.

రుచిరోజుకు ముందురోజు మధ్యాహ్నం భోజనమయ్యాక కాస్త నడుం వాల్చి లేచాను. చీపురు పట్టుకుని జాడీల గదిలోకి వెళ్తే గుమ్మం నుంచి నల్లగా ఒక గీత. చీమలు. నా కళ్లను నేను నమ్మలేదు. గచ్చు మీదుగా వెళ్లి, గోడ పక్కగా తిరిగి, మిరియం జాడీ ఎక్కి, మూత అంచున మూగి ఉన్నాయి. వేలు పెట్టి నాకి చూశాను. తేనె. నిన్నటి దాకా లేనిది.

మా తమ్ముడు ముందు గదిలో కూర్చుని శుభ్రంగా ఉన్న బిరడాలను మళ్లీ తుడుస్తున్నాడు. గదికి చీమలు పట్టాయిరా అన్నాను, అంతే. నేను ఆ గదిలోకే వెళ్లలేదు అన్నాడు. గుమ్మడికాయల దొంగ భుజాలు తడుముకున్నట్టు ఎడం చొక్కా చెయ్యి కూడా దాచుకున్నాడు. అది మోచేతి దాకా చర్మానికి అతుక్కుపోయి ఉంది.

"ఎంత పోశావు?"

"గరిటెడు."

"నిజం చెప్పు."

"డబ్బా."

నాకు ఒళ్లు మండింది. తీపి అనే మాట వింటే ముక్కు చిట్లించే మనిషి. ఎవరో కొనేవాడు కొంచెం తేనె కలిపి ఇవ్వమంటే వాణ్ని గుమ్మం దాకా సాగనంపిన మనిషి. నిద్రపోయిన జాడీలో తేనె పోస్తే ఈస్టు మళ్లీ లేస్తుంది, సీసాల్లో పట్టామా అవి పగిలిపోతాయి అని నాకూ నేర్పింది, మిరియానికీ నేర్పింది వీడే. ఆ మాటే అడిగాను. ఈస్టు ఎప్పుడో చచ్చిపోయి ఉంటుంది, లేవదులే అన్నాడు. చెప్పే గొంతులోనే నమ్మకం లేదు.

"మాట వెనక్కి తీసుకోవడం చేతకాక తేనె పోశావన్నమాట."

వాడు తల దించుకున్నాడు. "రేపు ఆవిడ గ్లాసు బోర్లిస్తే, నా నోటితో నేనే నా పిల్లని బయటికి పంపినట్టవుతుంది అక్కా. పోనీ తీపిగానే గెలవనీ. తర్వాత దాని ఇష్టం వచ్చినట్టు చేసుకుంటుంది."

ఆ మనిషి తన జీవితం మీద తనే నీళ్లు చల్లుకోవడానికి సిద్ధపడ్డాడు, కూతురు ఒక్క రోజు గెలవడం కోసం. జాలేసింది. కోపమూ పోలేదు. నా అంతట నేను దానికి చెప్పను, అది అడిగితే మాత్రం అబద్ధమాడను అన్నాను. తడిగుడ్డ తెచ్చి చీమలను నేనే తుడిచాను, సణుక్కుంటూ.

మర్నాడు బల్ల మీద తెల్లగుడ్డ పరిచాం. హోటలావిడ మంచి బట్టలు కట్టుకుని వచ్చింది. ఆవిడ చెడ్డ మనిషేం కాదు, నచ్చనిది నచ్చలేదని మొహం మీద చెప్పే రకం. తాత కుర్చీలో కూర్చుని ఎప్పటిలాగే గ్లాసును రెండు అరచేతుల మధ్య పెట్టుకుని వెచ్చబెడుతున్నాడు. మీడ్‌ను చల్లగా తాగితే సగం దాగిపోతుంది, అరచేతి వెచ్చదనానికి వాసన లేస్తుంది. మిరియం జాడీలోంచి గాజు గొట్టంతో తీసి కూజాలో పోసి, అందరికీ పంచి, తన గ్లాసు ఆఖర్న నింపుకుంది. రాత్రి నిద్రపోలేదని కళ్లు చెబుతున్నాయి.

మాటలు ఆగాయి. హోటలావిడ మొదటి గుక్కకు కనుబొమలు లేపింది, రెండో గుక్కకు చిరునవ్వు నవ్వింది, గ్లాసు ఖాళీ చేసి నిలబెట్టింది. తాత ఏదో ఆలోచిస్తున్నట్టు నాలుక తిప్పుకుని, అనుమానంగా నిలబెట్టాడు. మా తమ్ముడు తాగీ తాగకుండానే నిలబెట్టేసి, తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాడు. నేను నా గ్లాసు చేతిలోనే పట్టుకున్నాను. నిలబెట్టడానికి మనసు రాలేదు, బోర్లించడానికి చెయ్యి రాలేదు.

మిరియం మొదటి గుక్క తీసుకుని ఆగిపోయింది. అప్పుడే, ఆ నిశ్శబ్దంలో, వెనక గదిలోంచి బుడుంగుమని చప్పుడు వచ్చింది. ఒక్క బుడగ. హోటలావిడకు అది చప్పుడే కాదు. నాకూ, మా తమ్ముడికీ, మిరియానికీ మాత్రం ఎవరో పేరు పెట్టి పిలిచినట్టే ఉంది. నిద్రపోయిన జాడీ లేచింది.

మిరియం గుమ్మం వైపు చూసింది, వాళ్ల నాన్న వైపు చూసింది. వాడు తెల్లగుడ్డ అంచు మడతలు సరిచేస్తున్నాడు. అది మళ్లీ గ్లాసెత్తి రెండో గుక్క తీసుకుంది, కళ్లు మూసుకుని ముక్కుతో ఊపిరి వదిలింది. తర్వాత గ్లాసు బల్ల మీద బోర్లించింది. అడుగున మిగిలిన మీడ్ గుడ్డ మీద గుండ్రంగా పాకింది.

బల్ల మీది మిగతా గ్లాసులన్నీ నిలబడి ఉన్నాయి, గెలిచిన మనిషిదే పడింది. మేమంతా బాగుందంటుంటే నీకేమైందమ్మాయ్ అని హోటలావిడే ముందుగా నోరు విప్పింది.

"బాగుందండీ. కానీ ఇది నేను చేసింది కాదు" అంది మిరియం. ఎవరు చేశారో చెప్పలేదు. వాళ్ల నాన్న వైపు మళ్లీ చూడనూ లేదు. నా వైపు తిరిగి, "అత్తా, నింపుడు సీసా నీ దగ్గరే ఉందా?" అంది.

నా ప్రాణం లేచొచ్చింది. జాడీ నిద్రపోయాక లోపల మట్టం కాస్త తగ్గుతుంది. ఆ ఖాళీలో గాలి చేరితే సరుకు పాడవుతుంది. అందుకని అదే సరుకు ఒక సీసాలో వేరే తీసిపెట్టుకుని, అప్పుడప్పుడు నింపుతుంటాం. మా తమ్ముడు తన నింపుడు సీసాలు జాడీల పక్కనే పెట్టుకుంటాడు. మిరియం మాత్రం చల్లగా ఉంటుందని నా గదిలో, బిరడాల బుట్ట వెనక పెట్టింది, చిన్నప్పుడు తను కూర్చునే చోట. ఆ సీసా ఉందన్న సంగతి వాడికి తెలియనే తెలియదు. తెలిసుంటే దానిలోనూ ఒక గరిటె పడేది.

వెళ్లి తెచ్చాను. మిరియం గ్లాసులు కడిగి మళ్లీ పోసింది. మళ్లీ నోళ్లు మూతపడ్డాయి.

ఇది వేరే మనిషి. వాసన గాఢంగా, మైనంగా ఉంది. నాలుక మీదికి రాగానే గిల్లింది, వారం కిందట గిల్లినట్టే. హోటలావిడ మొహం మింగలేక కక్కలేక అన్నట్టు అయిపోయింది. నేను ఈసారి తొందరపడలేదు. మింగి, నోరు మూసుకుని ఆగాను. ముందు ఏమీ లేదు. తర్వాత గొంతు వెనక ఎక్కడో ఎండిన పూల గుత్తి, కాలిన చెక్క, తేనె, అన్నీ ఒకదాని వెనక ఒకటి వచ్చి కూర్చున్నాయి. నాకు ఎందుకో మా మరదలు గుర్తొచ్చింది. కళ్లు చెమర్చాయి, దాచుకోలేదు.

తాత గ్లాసు నిలబెట్టడం కూడా మరిచిపోయి, ఇంకొంచెం పొయ్యమని చాపాడు. లొంగదన్న తేనె నీకెలా లొంగిందే అని ఆయన కళ్లే అడుగుతున్నాయి. నేను నిలబెట్టాను. మిరియం నిలబెట్టింది. హోటలావిడ చాలాసేపు గ్లాసు వేళ్ల మధ్య తిప్పింది. ఆవిడకూ పందెం గుర్తుంది. చివరికి మెల్లగా, చప్పుడు కాకుండా బోర్లించింది.

"ఏమనుకోకమ్మా. నాకిది కొరుకుతోంది. అబద్ధం చెప్పలేను."

"చెప్పకండి" అంది మిరియం.

ఒక్కటి బోర్లినా పోయినట్టే. ఆ మాట అన్నవాడు ఇంకా గ్లాసు చేతిలో పట్టుకునే ఉన్నాడు. అందరం వాడి వైపు చూశాం. వాడు మిగిలినది తాగాడు, ఊపిరి వదిలాడు, గ్లాసు నిలబెట్టాడు. తర్వాత లేచి నిలబడ్డాడు.

"జాడీలో తేనె పోసింది నేను" అన్నాడు. అప్పటికి ఆ గదిలో అది తెలియనిది హోటలావిడకు ఒక్కదానికే. "వేలు పెట్టనని చెప్పి చెయ్యి మొత్తం పెట్టాను. ముందు మాట తప్పింది నేను కాబట్టి పందెం లేదు. ఆ రోజు నేనన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను."

నా చెవులతో నేను విన్నాను. కుందేలుకు నాలుగో కాలు మొలిచింది.

హోటలావిడ కడుపుబ్బ నవ్వింది. కాకిపిల్ల కాకికి ముద్దు అని ఊరికే అన్నారా అంది. తన తమ్ముడికి ఇంకో చోటు చూసుకుంటానంది. పోతూ పోతూ ఆ తీపి జాడీ ఉన్నదున్నట్టు తనకు ఇచ్చెయ్యమని కూడా అడిగింది, వ్యాపారం వ్యాపారమే కదా. మిరియం కుదరదంది. అది ఇప్పుడే లేచింది, సీసాల్లో పడితే మీ హోటల్లో పగుళ్లే పగుళ్లు అంది. దాని ఆకలి దాన్ని తీర్చుకోనిచ్చి, ఏడాదయ్యాక రెండూ పక్కపక్కన పెట్టి పిలుస్తానంది. అప్పుడు బోర్లిస్తానో లేదో చూద్దాం అని హోటలావిడ తాత చెయ్యి పట్టుకుని మెట్లు దింపుకుంటూ వెళ్లింది.

ముగ్గురం మిగిలాం. మా తమ్ముడు జాడీ దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు. గొట్టంలో బుడగ మీద బుడగ వస్తోంది. పాడు చేశానమ్మా అన్నాడు, జాడీతో అన్నట్టు.

మిరియం వెళ్లి పక్కన నిలబడింది. "ఏం పాడవదు నాన్నా. నువ్వు పోసిన తీపి అదే తినేస్తుంది. వాసన మాత్రం ఉండిపోతుంది."

వాడు అటు తిరిగి గోడకేసి చూస్తూ జేబులో చాలాసేపు వెతికాడు. చివరికి కొట్టు తాళంచెవి తీసి దాని చేతిలో పెట్టాడు.

"ఇది నీ దగ్గరే ఉంచుకో. నా దగ్గరుంటే మళ్లీ పోస్తాను."

మర్నాడు పొద్దున్నే నేను వచ్చేసరికి మా తమ్ముడు కొట్టు బయట, మూసిన తలుపుకు ఎదురుగా, మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. ఇన్నేళ్లలో ఆ తలుపు వాడికి మూసి ఉండగా నేను చూడలేదు. ఎంతసేపైందిరా, పిల్లని లేపకపోయావా అన్నాను.

"పడుకోనీ అక్కా. వస్తుందిలే" అన్నాడు. "తన కొట్టు కదా."